లోతు ఎవరిది? ఆంధ్ర తీరంలో సూర చేపల వేట చరిత్ర

పరిచయం

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో కూర్చొని ఈ పాఠం తెరిచిన మీకు మొదటే ఒక సందేహం రావచ్చు. పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. మీకు దగ్గరి సముద్రం బాపట్ల వైపున ఉన్న సూర్యలంక, నిజాంపట్నం. అలాంటప్పుడు నడిసముద్రంలో తిరిగే ఒక చేప చరిత్ర మనకెందుకు?

మీకు తెలిసిన విషయంతోనే మొదలుపెడదాం. మీ పెద్దల కాలంలో మోటబావుల కింద సేద్యం జరిగేది. తర్వాత బోర్లు వచ్చాయి. ఒక రైతు లోతుగా బోరు వేస్తే పక్క చేనులోని బావి అడుగంటింది. అతను మరింత లోతు బోరు వేసుకున్నాడు, లేదా అప్పు పుట్టక ఊరుకున్నాడు. భూమి కింద నీరు అందరిదీ ఒకటే. ఎవరి పరికరం ఎంత లోతుకు దిగితే అంతవరకే వారి వాటా. గత డెబ్బై ఏళ్లలో హిందూ మహాసముద్రంలో ట్యూనా చేపల విషయంలో జరిగింది కూడా ఇదే. ఈ పాఠంలో ఆ కథను ఒక చేప, ఒక పనిముట్టు ఆధారంగా పరిశీలిద్దాం. ఆ చేపను ఇంగ్లిష్‌లో బిగ్‌ఐ ట్యూనా అంటారు. మన తీరంలో ట్యూనా జాతులకు 'సూర' అనే పేరు ఉంది కనుక ఇక్కడ దానిని పెద్దకంటి సూర అందాం. పనిముట్టు పేరు లాగుడు గాలం.

ఒక మాట ముందే స్పష్టం చేసుకోవాలి. ట్రాలింగ్, ట్రోలింగ్ అనేవి రెండు వేరు వేరు పద్ధతులు. తెలుగు పత్రికల్లో తరచు ఈ రెండూ కలిసిపోతుంటాయి. ట్రాలింగ్ అంటే సంచి వంటి పెద్ద వలను, ఎక్కువగా సముద్రపు అడుగున, ఈడ్చుకుపోవడం. ట్రోలింగ్ అంటే కదిలే పడవ వెనుక తాడుకు గాలం, ఎర కట్టి లాగడం. (మీ ఫోనులో కనిపించే 'ట్రోలింగ్' అనే మాటకూ ఈ ఎర చూపే పనికీ పోలిక ఉంది. ఆ సంగతి ఈ పాఠానికి అవసరం లేదు.)

ముందు చేపను తెలుసుకోవాలి

సాంకేతిక చరిత్ర రాసేవారు పరికరంతో మొదలుపెట్టి పరికరంతో ముగిస్తారు. వేట చరిత్రలో అది చాలదు. చేప ఎక్కడ, ఏ వేళలో ఉంటుందో తెలియకపోతే ఆ పరికరం ఎందుకు అలా ఉందో అర్థం కాదు.

పెద్దకంటి సూరను శాస్త్రీయంగా మొదట వర్ణించినది రిచర్డ్ లోవ్. 1839లో, అట్లాంటిక్‌లోని మదీరా దీవిలో దొరికిన చేప ఆధారంగా ఆయన ఆ పని చేశారు. ఇది రెండు మీటర్ల పొడవు దాటి పెరగగలదు. 1957లో పెరూ దేశపు తీరంలో గాలానికి చిక్కిన ఒక చేప 197 కిలోలు తూగింది. పగటిపూట ఇది 300 నుంచి 500 మీటర్ల లోతున మేస్తుంది. మత్స్యకారులు తాడును కొలిచే బారల్లో చెప్పాలంటే 160 బారలకు పైమాటే. అక్కడ వెలుతురు దాదాపు ఉండదు. నీరు చల్లన, ప్రాణవాయువు తక్కువ. పెద్ద కళ్లు ఆ మసక చీకటిలో చూడడానికి పనికొస్తాయి. కండరాల వేడి బయటికి పోకుండా నిలుపుకొనే రక్తనాళాల అల్లిక దాని ఒంట్లో ఉంది. తక్కువ ప్రాణవాయువును కూడా పసుపు రెక్కల సూర కంటే ఇది బాగా తట్టుకుంటుంది. పొద్దు గూకాక చిన్న చేపలు, కందవాలు పైకి లేస్తాయి. వాటి వెంట ఇదీ పైకి వస్తుంది. తెల్లవారేసరికి మళ్లీ దిగిపోతుంది.

ఇందులో చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవలసిన విషయం ఒకటే. పైనీటిలో లాగే గాలానికి పెద్దకంటి సూర రోజులో రెండు సంధివేళల్లో, ఎక్కువైతే వెన్నెల రాత్రుల్లో మాత్రమే అందుతుంది. మిగిలిన కాలమంతా అది చిన్న పడవ కింద, పడవకు అందని దూరంలో ఉంటుంది.

లాగుడు గాలం

ట్యూనాను మనిషి పట్టడం చాలా పాతది. తూర్పు తైమూర్‌లోని జెరిమలాయ్ గుహలో సుమారు 42,000 ఏళ్ల నాటి ట్యూనా ఎముకలు బయటపడ్డాయి. అదే గుహలో గవ్వపెంకుతో చేసిన గాలం కూడా దొరికింది, అది ఎముకల కంటే చాలా తర్వాతి కాలానిది. పసిఫిక్ దీవులవారు ముత్యపు చిప్పను చేప ఆకారంలో చెక్కి, దానికి గాలం కట్టి, పడవ వెనుక లాగేవారు. నీటిలో చిప్ప మెరుపు చూసి ట్యూనా చిన్న చేప అనుకొని పట్టేది. నేటి ప్లాస్టిక్ ఎరలకు ఇదే మూలం.

ఈ ఎరలో తినేది ఏమీ ఉండదు. ఆకలిగొన్న చేపకు కదలికను, నీడను, బుడగల గీతను చూపడమే దాని పని. తలకాయ వంటి బరువైన ముక్క, దాని వెనుక కుచ్చులా రబ్బరు పోగులో ఈకలో, ఆ కుచ్చులో దాగిన గాలం. తల ఏటవాలుగా ఉంటే ఎర అటూ ఇటూ ఊగుతుంది. మొన తేలి ఉంటే నేరుగా పోతుంది, అలల్లో ఎగిరిపడదు. పడవ గంటకు ఆరు నుంచి ఎనిమిది నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తుంటే ఎర నీటిపై ఒకసారి ఊపిరి తీసుకున్నట్టు పైకి వచ్చి, బుడగల తోకతో మళ్లీ మునగాలి. తాళ్లన్నీ ఒకే పొడవు ఉండకూడదు. ఒకటి ఇంజను నురుగుకు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి ఇంకా దూరంగా, ఒకదానికొకటి చిక్కుపడకుండా వదలాలి. అప్పుడు కింది నుంచి చూసే చేపకు అది పారిపోతున్న చిన్న చేపల గుంపులా కనిపిస్తుంది.

పెద్దకంటి సూర కోసం ఈ ఏర్పాటులో కొన్ని మార్పులు చేస్తారు. సంధివెలుగులో నలుపు, ముదురు ఊదా రంగు ఎరలు వాడతారు. కింది నుంచి పైకి చూసే కంటికి మసక ఆకాశం ముందు నల్లటి ఆకారమే స్పష్టంగా తెలుస్తుంది, మెరిసే రంగులు కావు. తాడుకు బరువో, నీటిని కోసుకొంటూ కిందికి లాగే పలకో కట్టి ఎరను కొన్ని బారలు దించుతారు. ఈ చేపలు గుంపుగా వస్తాయి కనుక ఒక తాడు లాగగానే పడవ ఆపరు. మరికొంత దూరం అలాగే సాగితే రెండోది, మూడోది కూడా పట్టవచ్చు. ఆ తర్వాత గంటసేపు ఏమీ దొరకకపోవచ్చు. ఆ కొద్ది నిమిషాల కోసమే రాత్రంతా ఇంధనం కాల్చి లోతు మారే అంచుకు చేరుకోవాలి.

విశాఖపట్నం తీరంలో ఈ పని చేసే చిన్న పడవలకు ఒక అనుకూలత ఉంది. అక్కడ ఖండతీరపు అంచు ఒడ్డుకు మరీ దూరం కాదు, ఆ తర్వాత సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది. విశాఖకు దక్షిణాన ఉన్న పూడిమడక వంటి ఊళ్ల మత్స్యకారులు గాలాలతో, లాగుడు తాళ్లతో సూరలను, కోనాలను, కొమ్ముకోనాలను పట్టడంలో పేరుపొందారు. తెరచాప తెప్పల కాలంలో గాలి వీచినంతసేపే ఎర ఈదేది. బయట బిగించే చిన్న మోటార్లు, ఫైబర్ తెప్పలు వచ్చాక ఒకే వేగాన్ని గంటల తరబడి నిలబెట్టడం సాధ్యమైంది. తంగూసు తీగ పాత నూలుతాడును తోసివేసింది. అది నీటిలో కనబడదు, తెగదు, చేతిని మాత్రం కోస్తుంది. అందుకే లాగుడు గాలం వాడే చిన్న పడవల్లో తాడు మధ్య రబ్బరు ట్యూబు ముక్క కట్టడం చాలా దేశాల్లో కనిపిస్తుంది. మొదటి గుంజును చేతికి బదులు రబ్బరు భరిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పైన వివరించిన నైపుణ్యంలో పుస్తకం నుంచి నేర్చుకోగలిగినది ఎంత, పడవలో పెద్దవారి పక్కన కూర్చొని మాత్రమే నేర్చుకోగలిగినది ఎంత? ఐదు వాక్యాల్లో రాయండి.

పేర్లు, ఆధారాలు

ఈ వేటకు లిఖిత ఆధారాలు ఎక్కడ ఉన్నాయి? తెలుగు తీరపు చేపల గురించిన తొలి పెద్ద గ్రంథం ప్యాట్రిక్ రస్సెల్‌ది. ఆయన స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడితో 1781లో విశాఖపట్నం వచ్చారు. అక్కడ సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆ గ్రంథంలో మనకు అమూల్యమైనది ఏమంటే, చేపలకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే రస్సెల్ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నారు. కోనాం, వంజరం వంటి పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. రెండు వందల ఏళ్ల తర్వాత నేటి చేపల బజారులో అవే పేర్లు వినిపిస్తాయి. తర్వాత యూరప్ శాస్త్రవేత్తలు కొత్త జాతులకు లాటిన్ పేర్లు పెట్టేటప్పుడు రస్సెల్ బొమ్మలను ఆధారంగా తీసుకున్నారు. అంటే విశాఖ రేవులో ఒక జాలరి చెప్పిన మాట పారిస్, లండన్ గ్రంథాలయాల దాకా వెళ్లింది. చెప్పినవారి పేర్లు మాత్రం వెళ్లలేదు.

పేరు ఉంటే ఆధారం ఉన్నట్టేనా? ఇక్కడ జాగ్రత్త అవసరం. సూర అనేది ఒక కుటుంబం పేరు వంటిది, దాని కింద చాలా జాతులు వస్తాయి. చిన్న వయసులో పెద్దకంటి సూరకూ పసుపు రెక్కల సూరకూ తేడా కనిపెట్టడం నిపుణులకే కష్టం. పొట్ట కోసి కాలేయం చూస్తే పెద్దకంటి సూర కాలేయం మీద గీతలు ఉంటాయి, రెండోదానికి నున్నగా ఉంటుంది. వేలంపాట జరిగే రేవులో ప్రతి చేప పొట్టా కోసి చూసేవారు ఎవరు? అందువల్ల రేవు లెక్కల్లో ఒక జాతి పేరు కనబడకపోతే ఆ జాతి దొరకలేదని అనుకోరాదు. అది వేరే పేరు కింద నమోదై ఉండవచ్చు. శాసనాలలో స్త్రీల పేర్లు తక్కువగా కనిపించినంత మాత్రాన ఆ కాలంలో స్త్రీలు లేరని మనం అనుకోము కదా, ఇదీ అలాంటిదే. మనకు ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలో పసుపు రెక్కల సూరే ఎక్కువన్నది మాత్రం నిజం. పెద్దకంటి సూర దక్షిణాన, భూమధ్యరేఖ వైపు నీళ్లలో ఎక్కువ.

బోరు దిగిన కాలం

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నౌకలు తమ దేశపు చుట్టుపట్లనే చేపలు పట్టాలని ఆంక్షలు ఉండేవి. 1952లో అవి తొలగిన వెంటనే ఆ దేశపు లాంగ్‌లైన్ నౌకలు హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. తర్వాత తైవాన్, కొరియా నౌకలు వచ్చాయి. లాంగ్‌లైన్ అంటే పదుల కిలోమీటర్ల పొడవున తేలుడు బుడ్డీలతో నీటిలో పరిచే ఒక తాడు. దాని నుంచి రెండు మూడు వేల గాలాలు వేలాడతాయి. బుడ్డీకీ బుడ్డీకీ మధ్య తాడు వేలాడే తోరణంలా కిందికి వంగుతుంది. మొదట్లో ఆ మధ్యలో ఐదారు గాలాలు కట్టేవారు. 1970లలో ఆ సంఖ్యను పదికి, పదిహేనుకి పెంచారు. గాలాలు పెరిగితే తోరణం ఇంకా లోతుకు వంగుతుంది. ఇంతటి చిన్న మార్పుతో గాలాలు సుమారు మూడు వందల మీటర్లకు చేరాయి. పెద్దకంటి సూర పగలంతా మేసే పొరను అందుకున్నాయి. అదే సమయంలో మైనస్ అరవై డిగ్రీల శీతల గదులు నౌకల్లో వచ్చాయి. పచ్చిగా తినే జపాన్ బజారుకు నెలల తర్వాత కూడా తాజాదనం పోని చేప చేరసాగింది.

మోటబావి పక్కన బోరు దిగిన క్షణం ఇదే. పూడిమడక తెప్ప ఆ పొరకు చేరలేదు. చేరగలిగినా దాని దగ్గర తగినంత మంచు లేదు. ట్యూనా పెనుగులాడినప్పుడు దాని ఒళ్లు వేడెక్కుతుంది. వెంటనే రక్తం తీసి మంచులో పెట్టకపోతే మాంసం రంగు మారుతుంది, హిస్టమిన్ చేరి విషమవుతుంది. ఒకే జాతి చేప ఒక నౌకలో ఎగుమతి సరుకు, ఒక తెప్పలో ఎండబెట్టుకొనే సరుకు. ఈ తేడా చేపలో లేదు.

1980ల మొదట్లో ఫ్రాన్స్, స్పెయిన్ నౌకలు పశ్చిమ హిందూ మహాసముద్రంలో పెద్ద చుట్టువలలతో దిగాయి. తేలే దుంగల కింద, కృత్రిమ తెప్పల కింద చేరే చిన్న సూరలను గుంపులుగా పట్టాయి. వాటిలో పెద్దకంటి సూర పిల్లలూ ఉన్నాయి. పెద్దవి లోతున, పిల్లలు పైన, రెండు వైపుల నుంచీ వేట పెరిగింది.

రాజ్యం ఏం చేసింది?

1976లో భారతదేశం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలాన్ని ప్రకటించింది. కాగితం మీద అది సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సంపద. అయితే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకే రాష్ట్రాల అధికారం. ఆవల కేంద్రానిది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం పరిధి ఆ 12 మైళ్లే. సూర కోసం అంచు దాటి వెళ్లే తెప్ప ఒక చట్టంలో బయలుదేరి మరో అధికారం కిందికి వెళ్తుందన్నమాట.

ఆ దూరపు నీళ్లకు విదేశీ నౌకల వేటను నియంత్రించే చట్టం 1981లో వచ్చింది. అద్దె నౌకలకూ అప్పటి నుంచే అనుమతులు ఇచ్చారు. 1991లో ఉమ్మడి సంస్థలకు తలుపులు తెరిచే కొత్త విధానం వచ్చింది. 1994లో తీరమంతా మత్స్యకారులు సమ్మెకట్టారు. ఉద్యమానికి ముందు నిలిచినది థామస్ కోచెరి నాయకత్వంలోని జాతీయ మత్స్యకారుల వేదిక. ప్రభుత్వం మురారి కమిటీని వేసింది. ఆ అనుమతులు రద్దు చేయాలని కమిటీ 1996లో సిఫారసు చేసింది. తర్వాత అనుమతి పత్రాల పద్ధతి మరో రూపంలో వచ్చింది. భారతీయ సంస్థల పేరుతో విదేశాల్లో కట్టిన లాంగ్‌లైన్ నౌకలు నడిచాయి. వాటిలో విశాఖపట్నం చిరునామా ఉన్నవీ ఉన్నాయి. 2017లో ఆ పద్ధతినీ ఆపేశారు.

ఈ క్రమాన్ని చాలామంది 'విదేశీయులు వర్సెస్ మనవాళ్లు' అని చదువుతారు. నా దృష్టిలో అది సగమే నిజం. రొయ్యల ధర పడిపోయాక పాత ట్రాలర్లను లాంగ్‌లైన్ పడవలుగా మార్చడానికి ప్రభుత్వ సహాయం వచ్చింది. ట్రాలరు ఉన్నవాడే ఆ సహాయం అందుకోగలడు. తెప్ప వెనుక లాగుడు గాలం పట్టుకున్నవాడికి మార్చుకోవడానికి ట్రాలరు ఎక్కడిది? లోతు కోసం జరిగిన పోటీ దేశాల మధ్యే కాదు, ఒకే రేవులో కూడా జరిగింది.

హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 1996లో ఏర్పడింది. దాని కార్యాలయం సీషెల్స్‌లోని విక్టోరియాలో ఉంది. భారత్ అందులో సభ్యదేశం. 2022 నాటి అంచనాలో పెద్దకంటి సూర నిల్వలు మితిమీరిన వేటకు గురయ్యాయని కమిషన్ శాస్త్రవేత్తలు తేల్చారు. 2024, 2025 సంవత్సరాలకు ఏటా 80,583 టన్నుల పరిమితి పెట్టారు. ఆ పరిమితిలో ఎవరికెంత అన్న చర్చ చాలా ఏళ్లుగా నడుస్తోంది. దూరదేశాలు తమ పాత వేట లెక్కలను చూపి వాటా అడుగుతాయి. తీరదేశాలు తమ తీరాన్ని, తమ చిన్న మత్స్యకారులను చూపి అడుగుతాయి. పైన చెప్పిన కాలేయపు గీతలను ఇప్పుడు మళ్లీ గుర్తు తెచ్చుకోండి. జపాన్ నౌక ప్రతి చేపనూ జాతి పేరుతో పుస్తకంలో రాసుకుంది. మన రేవులో అది సూరగా అమ్ముడుపోయింది. లెక్కలో లేని వేటకు చర్చల బల్ల మీద బరువు తక్కువ.

కృష్ణ ఒడ్డున

ఇక పల్నాడుకు వద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. మాచర్ల పక్కన, గుట్టల నడుమ, ఇంతకు ముందెన్నడూ లేని ఒక లోతైన నీరు పుట్టింది. నదిలో వల విసిరిన స్థానిక బెస్తలకు ఆ లోతు కొత్త. జలాశయానికి ఆవలి ఒడ్డున, నల్లగొండ జిల్లాలో, వైజాగ్ కాలనీ అనే ఊరు ఉంది. ఆనకట్ట కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి చేపల వేటలో స్థిరపడినవారి వల్ల ఆ పేరు వచ్చింది. అలలను చూసిన చేతులు జలాశయానికి వచ్చాయి. వారి వెంట పడవ నడిపే తీరు, తాడు ముడులు, మాటలు కూడా వచ్చి ఉంటాయి. ఎగువన కృష్ణ మీద ఇటీవలి కాలంలో అలివి వలల గురించి స్థానికులకూ వలస వచ్చినవారికీ మధ్య తగాదాలు పత్రికలకెక్కాయి. సన్నకంటి వల పిల్ల చేపను కూడా వదలదన్నది ఆ తగాదా. చుట్టువల గురించి హిందూ మహాసముద్రంలో జరిగే వాదనకు ఇది దగ్గరి బంధువు.

అభ్యాసం

విజయపురి సౌత్‌కు గాని, అనుపు రేవుకు గాని వెళ్లండి. చేపలు పట్టే ఒక కుటుంబంలో పెద్దవారిని కలిసి, వారి అనుమతితో ఈ విషయాలు అడిగి రాసుకోండి: వారి కుటుంబం ఆ ఒడ్డుకు ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చింది, గాలానికి, తాడుకు, ముడికి, ఎరకు వారు వాడే పేర్లు, లోతును మీటర్లలో చెబుతారా, బారల్లోనా, ఏ చేప ఏ వేళకు పైకి వస్తుందని వారి లెక్క. మాటలను మీరు సరిదిద్దవద్దు, వారు పలికినట్టే రాయండి. ఒకే చేపకు ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు కూడా రాయండి. వ్రాతప్రతిని అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి తరగతికి తీసుకురండి.